సున్నా కిలోమీటర్ల పాలెం

ఆ ఎండాకాలం ఒక వారం పాటు మా పాలేనికి రోజుకి తొమ్మిది ట్యాంకర్ల నీళ్ళు వచ్చాయి, కాగితం మీద. మండలంలో ఇంకే ఊరికీ అన్ని రాలేదు. ఆ కాగితం చూసినవాళ్ళు మా అవ్వ రెండు పూటలా తలంటు పోసుకుంటోందనీ, మా మేకలు ఈత నేర్చాయనీ అనుకోవాలి. నిజం చెప్పాలంటే ఆ ఏడు మా చర్చిలో బాప్తిస్మాలు కూడా వాయిదా పడ్డాయి. మా సంఘంలో మనిషిని నిలువెల్లా నీళ్ళలో ముంచితేనే బాప్తిస్మం, నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే లెక్కలోకి రాదు. ముంచడానికి తొట్టిలో నీళ్ళు లేవు. పాపాలు ఒప్పుకున్న పదకొండు మంది కడిగే దిక్కులేక ఆ పాపాలతోనే ఎండలో తిరుగుతున్నారు.

ఆ తొమ్మిది ట్యాంకర్లూ మాకు రాసిచ్చింది ఒక కంప్యూటర్. దానికి అంకెలు ఎక్కించింది నేను. ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో సరిగ్గా తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను.

మాది ఉదయగిరి కొండ కనపడే పాలెం, ఊరి బయటి వాడని మా వైపు అట్లా అంటారు. మండలం పేరు మాత్రం చెప్పను. చెబితే ఆ ఆఫీసులో పనిచేసినవాళ్ళు బాధపడతారు. చెప్పకపోతే మా వైపు ఏ ఆఫీసులో పనిచేసినవాళ్ళయినా తమ గురించేనేమో అని కాస్త ఉలిక్కిపడతారు. నాకు రెండోదే న్యాయంగా తోచింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. లెక్కల్లో డిగ్రీ అయింది, ఆ డిగ్రీతో ఏం చెయ్యాలన్న లెక్క మాత్రం తేలలేదు. బడిపంతులైన మా నాయన కంప్యూటర్ నేర్చుకోమన్నాడు. అందుకని రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆత్మకూరు పోయేవాణ్ణి. బస్టాండుకి ఎదురుగా ఒక మేడమీద కంప్యూటర్ సెంటరు ఉండేది. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, కాళ్ళు తుడుచుకుని, తెర తొలగించి లోపలికి పోవాలి. మిషన్ల మీద బట్ట కప్పి ఉంచేవాళ్ళు. నేను చెప్పులు విడిచే చోట్లు రెండే, ఒకటి చర్చి, రెండోది ఇది. చర్చిలో ఏసీ లేదు కాబట్టి నా భక్తి రెండోదాని వైపు కొంచెం ఎక్కువగా మొగ్గింది.

సెంటరు నడిపే సారు అంతకు ముందు కాలేజీలో లెక్కలు చెప్పినవారు. మద్రాసులో ఉన్న స్నేహితుడెవరో ఆయనకి ఒక ఫ్లాపీ ఇచ్చారు. దానిలో ఒక భాష ఉంది. మనుషులతో మాట్లాడే భాష కాదు, లెక్కలు చెప్పుకునే భాష. తక్కువ ఖర్చుతో ఎక్కువ పని ఎట్లా జరుగుతుందో అడిగితే చెబుతుంది. ఆ భాషలో లెక్క ఒక ఫైల్లో రాయాలి, అంకెలు ఇంకో ఫైల్లో రాయాలి. ఇన్ని ఊళ్ళున్నాయి, ఇన్ని బోర్లున్నాయి, ప్రతి ఊరికీ కావలసినన్ని నీళ్ళు అందాలి, ట్యాంకర్లు తిరిగే మొత్తం దూరం వీలైనంత తగ్గాలి అని మొదటి ఫైల్లో చెప్పాలి. ఏ ఊరు, ఎంతమంది, ఏ బోరు నుంచి ఎంత దూరం అన్నవి రెండో ఫైల్లో. రెండూ చదువుకుని, ఏ ట్యాంకరు ఎక్కడ నింపుకుని ఎక్కడికి పోవాలో అదే తేలుస్తుంది. లెక్క రాయడం సారు పని, ఒక్క పూటలో అయిపోయింది. అంకెలు ఎక్కించడం నా పని, పదిహేను రోజులు పట్టింది. లోకంలో పని ఎక్కడైనా ఇట్లాగే పంచుతారు.

ఇదంతా దేనికంటే, వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. మండలంలో నీళ్ళున్న బోర్లు రెండే మిగిలాయి. మూడు ట్యాంకర్లు బాడుగకి పెట్టి పంతొమ్మిది చోట్లకి నీళ్ళు తోలాలి. కొత్తగా వచ్చిన ఆఫీసరుకి కంప్యూటరంటే గురి. పై అధికారులు వచ్చినప్పుడు ‘కంప్యూటర్ ద్వారా నీటి సరఫరా’ అని చూపించుకోవచ్చని మా సారుని అడిగాడు. సారు ఒప్పుకున్నారు. అంకెలు ఎవరు ఎక్కిస్తారంటే సెంటర్లో మిగతావాళ్ళంతా తలలు వంచుకున్నారు. నేను వంచడం కాస్త ఆలస్యమైంది.

ఆఫీసు నుంచి ఒక పెద్ద కాగితం వచ్చింది. అక్కడ గుమాస్తా ముత్యాల్లాంటి అక్షరాలతో, స్కేలు పెట్టి గీసిన గళ్ళల్లో రాసి పంపిన స్టేట్‌మెంటు అది. చూడ్డానికి పెళ్ళి శుభలేఖలాగా ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు కొట్టి, చదవమని మిషనుకిస్తే చివరి వరసలో తప్పుందంది. చివరి వరస నాలుగు రోజులు చూశాను. తప్పు మూడో వరసలో ఉంది. అక్కడ పెట్టాల్సిన సెమీకోలన్, చుక్క కింద కామా, నేను పెట్టలేదు, అది ముగింపు కోసం వెతుక్కుంటూ వెతుక్కుంటూ చివరిదాకా పోయి అక్కడ కూలబడింది. దొంగతనం ఒకచోట జరిగితే ఇంకోచోట ఎవణ్ణో పట్టుకునే పద్ధతి మనకి కొత్త కాదు గానీ, అది మిషన్లకి కూడా నేర్పారని నాకప్పుడే తెలిసింది.

అది సర్దితే ఇంకోటి లేచింది. ఒక ఊరి జనాభా పన్నెండొందల నలభై అని గుమాస్తా వెయ్యి తర్వాత కామా పెట్టి రాశాడు. మిషను లెక్కలో కామా అంటే ఒక అంకె అయిపోయి ఇంకో అంకె మొదలైనట్టు. ఆ ప్రకారం ఆ ఊర్లో ఒక్క మనిషి మిగిలాడు, అతని ఊరికి దూరం రెండొందల నలభై కిలోమీటర్లయింది. అంటే మద్రాసు దరిదాపుల్లో ఎక్కడో ఒంటరిగా బతుకుతున్నాడన్నమాట. కామాలన్నీ పీకాను. తర్వాత ‘సుమారు 6’ అని వచ్చింది. సుమారు అనేదాన్ని మిషను ఒప్పుకోలేదు. ఇంకో గడిలో ‘బస్సుకు 9, నడిస్తే 5’ అని ఉంది. ఇక ఐదారు చోట్ల ‘సదరు’ అని ఉంది, అంటే పై గడిలో ఏముందో అదే అనుకోమని. మనిషైతే తల ఊపి ముందుకి పోతాడు. మిషను తల ఊపదు. సదరు అంటే ఎంత అని నిలబడి అడుగుతుంది. ఒక్కొక్క దానికీ నేను బస్సెక్కి ఆఫీసుకి పోవడం, గుమాస్తా నన్ను బల్ల ముందు నిలబెట్టి టీ తాగడం, తాగింతర్వాత అంకె చెప్పడం. ఇట్లా పదిహేను రోజులు.

చివరికి ఒక్క ఎర్రర్ మిగిలింది. ఒకచోటికి దూరం విలువ లేదని. ఆ చోటు మా పాలెం.

కాగితం తీసి చూశాను. జనాభా గడిలో మేం ఉన్నాం, మూడొందల పన్నెండు మందిమి. దూరం గడిలో మాత్రం ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత. స్కేలు పెట్టి గీసింది, ఎంత తిన్నగా ఉందో. మళ్ళీ బస్సెక్కి పోయి, ఈ గీతేంది సార్ అని అడిగాను.

“గీతంటే లేదని గాదబ్బయా,” అన్నాడు గుమాస్తా. “అడగబాకని.”

తర్వాత శాంతంగా వివరించాడు. రిజిస్టరులో దూరాలు ఊళ్ళకి రాస్తారు. పాలెం ఊర్లో కలిసే ఉంటుంది. ఊరికి దూరం రాశాక పాలేనికి వేరే దూరమేంది అని. పాలెం ఊర్లో కలిసి ఉన్నమాట రిజిస్టరులో నిజమే. నేల మీద ఊరు దాటి, వాగు దిగి, వాగు ఎక్కి, కొండవైపు రెండున్నర కిలోమీటర్ల పైన పోతేగాని మా చర్చి గంట కనపడదు. అంతకు ముందు ఏళ్ళలో కూడా ట్యాంకరు ఊర్లోకే వచ్చేది. మా ఆడవాళ్ళు బిందెలెత్తుకుని అంతదూరం పోయి, ఊరివాళ్ళ బిందెలన్నీ నిండేదాకా పక్కన నిలబడి, అడుగున మిగిలింది పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ గీత ఎన్నేళ్ళ నుంచి అక్కడుందో, దాని కింద ఎంతమంది ఆఫీసర్లు పచ్చ సిరాతో సంతకాలు చేశారో. అన్నేళ్ళలో ఆ గీత దగ్గర ఆగి, ఇదెంత దూరమని అడిగినవాళ్ళు ఒక్కరే, మద్రాసు నుంచి ఫ్లాపీలో వచ్చినవాళ్ళు.

నేను అడగలేదని గమనించాలి. నేను ఆ పాలెంలోనే పుట్టాను, ఆ గీతని నా చేత్తోనే డేటా ఫైల్లో కొట్టాను. నా కళ్ళు కూడా దాని మీదుగా జారిపోయాయి.

ఆత్మకూరు తిరిగొచ్చి సారుకి చెప్పాను. ఆయనకి ఆ వారంలో ఆఫీసరుకి చార్టు ఇస్తానన్న మాట మీద తొందర.

“డిఫాల్ట్ సున్నా అని రాయవయ్యా,” అన్నారు. “తర్వాత చూసుకుందాం.”

ఆ భాషలో అదొక సౌకర్యం. దూరాల పేరు దగ్గర ఆ రెండు మాటలూ చేరిస్తే, ఎక్కడెక్కడ విలువ ఇవ్వలేదో అక్కడ సున్నా అనుకుంటుంది. ఇంక అడగదు. గుమాస్తా గీతకీ దీనికీ తేడా ఏమీ లేదు, కాకపోతే ఇది ఇంగ్లీషులో ఉంటుంది. నేను రాశాను. నన్నెవరూ బెదిరించలేదు, చెయ్యి పట్టి రాయించలేదు. పదిహేను రోజులుగా ఎర్రర్లు చూసి చూసి, ఒక్కసారి ఎర్రర్ లేని స్క్రీను చూడాలని ప్రాణం కొట్టుకుంది. అంతే.

ఎంటర్ నొక్కాను. మిషను ఏమీ అడగలేదు. ప్రింటరు గీపెట్టుకుంటూ అంచుల్లో బెజ్జాలున్న కాగితం మీద చార్టు కక్కింది. పంతొమ్మిది వరసలు, ఊరు, ట్రిప్పులు, దూరం, డీజిలు. సారు కింద కొట్టు నుంచి మైసూరుపాకు తెప్పించారు. నేను మా వరస కోసం చూశాను. మా పాలెం, రోజుకి తొమ్మిది ట్రిప్పులు. పక్క గళ్ళు చూడలేదా అంటే చూశాను. దూరం సున్నా, డీజిలు సున్నా. చూసి, మైసూరుపాకు తిన్నాను. తొమ్మిది అనే అంకె అంత తియ్యగా ఉన్నప్పుడు పక్కన సున్నాలు ఎవరికి కావాలి. కంప్యూటర్‌కి కులం లేదు, ఊరు లేదు, దానికి న్యాయం తెలుసు అని నాలో నేను ఉపన్యాసం కూడా ఇచ్చుకున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది, కానీ ఇచ్చుకున్న మాట నిజం.

ఆదివారం చర్చి అయిపోగానే బయట నిలబడి అందరికీ చెప్పాను. రేపట్నించి పాలెంలోకే ట్యాంకరు వస్తుందని, ఒకటి కాదు తొమ్మిదని. పాస్టరుగారు బాప్తిస్మాలకి రోజు చూస్తానన్నారు. మా అవ్వ మధ్యాహ్నమంతా కూర్చుని, రెండేళ్ళుగా ఎండి పగుళ్ళు చూపుతున్న చర్చి సిమెంటు తొట్టిని కొబ్బరిపీచుతో తోమింది. ఇంట్లో ఉన్న ప్రతి బిందె, తపేలా, చివరికి నా చిన్నప్పటి ఉగ్గుగిన్నె కూడా బయటికి తెచ్చి వాకిట్లో వరసగా పెట్టింది.

సోమవారం ట్యాంకరు రాలేదు. మంగళవారం రాలేదు. ఇంకా అన్యాయం ఏమిటంటే, తొమ్మిది ట్యాంకర్లు మా పాలేనికే వస్తున్నాయని చార్టు ఊర్లో గోడకి అంటించారు. మా వాళ్ళు ఎప్పట్లాగే బిందెలెత్తుకుని ఊర్లోకి పోతే, మీకు తొమ్మిదుంటే మావాటికెందుకొచ్చారని తిప్పి పంపారు. ఇంతకు ముందు అడుగున మిగిలిందన్నా దొరికేది. నా కంప్యూటర్ వచ్చి అది కూడా లేకుండా చేసింది. మా అవ్వ ఖాళీ బిందె చంకన పెట్టుకుని రెండున్నర కిలోమీటర్లు నడిచొచ్చి, బిందె లోపల పెట్టింది. వాకిట్లో పెట్టిన గిన్నెలు మాత్రం ఎత్తలేదు. రోజూ వాటిని దాటుకుని బస్సుకి పోవాలి నేను.

బుధవారం బస్సుకి పోకుండా బోరు దగ్గరికి పోయాను. ట్యాంకరు నీడలో డ్రైవరు తువ్వాలు పరుచుకుని పడుకుని ఉన్నాడు. కలిగిరి మనిషి, మా పాలేనికి రాసిన బాడుగ ట్యాంకరుతో పాటు వచ్చినాయన. మా పాలేనికి ఎందుకు రావడం లేదని గట్టిగానే అడిగాను. ఆయన లేవకుండానే జేబులోంచి చార్టు తీసి నా ముందు పరిచాడు.

“చదువుకున్నోడివి గదా తమ్ముడూ, నువ్వే చెప్పు. ఏమని ఉండాది?”

“తొమ్మిది ట్రిప్పులు.”

“ఆ పక్కన?”

“దూరం సున్నా.”

“దాని పక్కన?”

“డీజిలు సున్నా.”

“కిలోమీటరు లెక్కన డీజిలు చీటీ ఇస్తారు. సున్నాకి సున్నా ఇచ్చినారు. నా బండి నీళ్ళు మోస్తాది గానీ నీళ్ళతో నడవదు,” అన్నాడు. ట్రిప్పులు పోయొచ్చినట్టు సంతకం పెట్టారు గదా అంటే, పెట్టమన్నారు పెట్టినానన్నాడు. “సున్నా దూరమంటే ఈడ నిలబడినా పోయొచ్చినట్టే గదా. రోజుకి తొమ్మిది తడవలు నిలబడతాండా. కాళ్ళు నొప్పెట్టి ఇప్పుడే పండుకున్నా.”

అప్పుడు వెలిగింది నాకు. మొత్తం రోజుకి ముప్పై ట్రిప్పులు వాడాలన్నది లెక్కలో ఒక షరతు. మిగతా చోట్లకి ఇరవై ఒకటి చాలు, మాకు రెండు చాలు. మిగిలిన ఏడూ ఎక్కడో ఒకచోటికి తోలాలి, దూరం పెరగకూడదు. దూరం సున్నా అయిన చోటికి ఎన్ని తోలినా పెరగదు. అందుకని మిషను బుద్ధిగా అన్నీ మా మీద పోసింది. దానికి న్యాయం తెలుసనుకున్నాను. దానికి తెలిసింది నేను చెప్పిన సున్నా ఒక్కటే.

ఆ సాయంత్రం పాలెం పెద్దలు అర్జీ రాసి ఆఫీసరుకిచ్చారు. ఆయన చార్టు తెప్పించి చూసి, మండలంలో అందరికన్నా ఎక్కువ నీళ్ళు మీకే ఇస్తుంటే ఇంకా అర్జీలా అని ఆశ్చర్యపోయాడు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు గదా అని వాళ్ళనే అడిగాడు. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. అది ముందే అడిగింది, తెలియదని చెప్పింది, నేనే నోరు నొక్కాను. ఈ మాట అక్కడ చెప్పాల్సింది. పెద్దల వెనకాల నిలబడి నా చెప్పులు చూసుకున్నాను.

మర్నాడు సైకిలు తీశాను. టైలరు దగ్గర టేపు అడుక్కుని చక్రం చుట్టుకొలత తీశాను. చక్రానికి ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టాను, ఒక చుట్టు తిరిగినప్పుడల్లా అది మడ్‌గార్డుకి తగిలి టప్‌మంటుంది. బోరు దగ్గర మొదలుపెట్టి పాలెం దాకా నడిపించుకుంటూ టప్‌లు లెక్కపెట్టాను. వందకి ఒక చింతగింజ జేబులో వేసుకున్నాను. లెక్కల డిగ్రీకి దొరికిన మొదటి ఉద్యోగం అది. నమ్మకం కుదరక తిరుగుదారిలో మళ్ళీ లెక్కపెట్టాను. రెండుసార్లూ ఏడు కిలోమీటర్ల వంద మీటర్లు, ఓ పది అటూ ఇటూ. రెండో బోరు నుంచి కూడా అట్లాగే తేల్చాను.

ఆ అంకెలు పట్టుకుని గుమాస్తా దగ్గరికి పోతే, సైకిలు చక్రం కొలత రిజిస్టరుకెక్కదన్నాడు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి ఉంటే ఆ రాతి మీద అంకె ఎక్కుతుందట. మా పాలెం దారిలో రాయి లేదన్నాను.

“రాయి లేని తావుకి దూరం ఎట్టా ఉంటాది అబ్బయా? రాయి పాతినాక రా.”

నాకు కోపం వచ్చింది. మామూలుగా నాకు కోపమొస్తే ఒక జోకు పుడుతుంది, ఆ రోజు పుట్టలేదు. మనిషి రెండేళ్ళు దాహంతో ఉండొచ్చు, పదేళ్ళు పక్కన నిలబడొచ్చు, మూడొందల పన్నెండు మంది ఒక గడిలో బతికి ఉండి పక్క గడిలో లేకుండా పోవచ్చు. వాళ్ళు ఉన్నట్టు రుజువు కావాలంటే మాత్రం ఒక రాయి వచ్చి సాక్ష్యం చెప్పాలి.

సోమవారం వచ్చింది. ప్రతి సోమవారం ఆ వారానికి కొత్త చార్టు తియ్యాలి. ఆ రోజు ఆఫీసరు తనే ఆత్మకూరు వచ్చాడు. మధ్యాహ్నం పై అధికారులొస్తున్నారు, చార్టు స్వయంగా చేతిలో పెట్టుకుని పోవాలని. గుమాస్తా రిజిస్టరు చంకన పెట్టుకుని వెనకాల వచ్చాడు. ఇద్దరూ మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చారు. వాళ్ళు రాకముందే నేను ఒక్క పని చేశాను. డిఫాల్ట్ సున్నా అన్న ఆ రెండు మాటలూ తీసేశాను. ఏడు పాయింట్ ఒకటని నా సొంతంగా ఏమీ రాయలేదు. గీత ఉన్నచోట ఖాళీ వదిలేశాను.

ఎంటర్ నొక్కాను. స్క్రీను మీద పాత ఎర్రర్ లేచి కూర్చుంది. ఫలానా చోటికి దూరం విలువ లేదు. చార్టు లేదు. మా ఒక్కళ్ళదే కాదు, పంతొమ్మిది చోట్లలో ఏ చోటికీ లేదు. ఒక్క అంకె తెలియకపోతే మొత్తం లెక్క చెయ్యనంటుంది ఆ మొండిఘటం. నాకు దాన్ని కౌగిలించుకోవాలనిపించింది గానీ ముట్టుకుంటే షాక్ కొట్టే మిషను అది.

సారు నా వైపు చూశారు. ఆయనకి అర్థమైంది. ఆయన ఒక్క మాట చెబితే నేను మళ్ళీ సున్నా పెట్టాలి. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆ కళ్ళద్దాలు అంతసేపు తుడవాల్సినంత మురికిగా ఎప్పుడూ లేవు.

“ఆ ఎర్రర్ తీసెయ్యండి, టైము లేదు,” అన్నాడు ఆఫీసరు.

“అది ఎర్రర్ కాదు సార్, ప్రశ్న,” అన్నాను. “మా పాలెం ఎంత దూరమని అడుగుతోంది. పోయిన వారం ఇదే అడిగితే, నేను సున్నా అని చెప్పి నోరు మూయించాను. అందుకే తొమ్మిది ట్యాంకర్లు రాసింది. డీజిలు సున్నా అని ఒక్కటీ రాలేదు. తప్పు నాదే.”

“అయితే సరైనది రాయి.”

“నేను రాస్తే చెల్లదంట సార్. రిజిస్టరులో ఉండాలంట.”

ఆఫీసరు గుమాస్తా వైపు తిరిగి, రిజిస్టరు తెరవమన్నాడు. గీత కనపడింది. దాని కింద పచ్చ సిరా సంతకం కూడా కనపడింది, ఆయనదే. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. ఆయనకి మనసు కరిగిందని నేను రాయను, పన్నెండున్నర అయింది. గుమాస్తా పెన్ను తీశాడు, ఎర్రది కాదు, నీలంది. నా పక్కకి ఒంగి ఎంతన్నావని గొంతు తగ్గించి అడిగాడు.

“ఏడు పాయింట్ ఒకటి.”

గీత మీద సున్నితంగా ఇంకో గీత కొట్టి, పైన ఏడు అని రాశాడు. “పాయింట్ ఒకటి ఎందుకులే, రౌండు చేసినా,” అన్నాడు. అంత సులువుగా అయిపోయింది. రాయి పాతే పనే పడలేదు. నాకు అన్నింటికన్నా ఎక్కువ మండింది ఇక్కడే. కష్టమైన పని చెయ్యకపోతే అర్థం చేసుకోవచ్చు. ఒక్క అంకె రాయడానికి అరనిమిషం పట్టింది. ఆ అరనిమిషం మా పాలేనికి ఇవ్వడానికి అన్నేళ్ళు ఎవరికీ తీరిక లేకపోయింది.

చార్టు వచ్చింది. మా పాలెం, రెండు ట్రిప్పులు, దూరం ఏడు, దానికి తగ్గ డీజిలు. మిగిలిన ఏడు ట్రిప్పులూ ఆఫీసున్న ఊరికే పోయాయి. కుట్రేమీ లేదు, బోరుకి దగ్గర అదే.

మంగళవారం పొద్దున పది గంటలకి ట్యాంకరు వాగు దిగి, ఎక్కి, మూలుగుతూ మా చర్చి ముందుకొచ్చి ఆగింది. నన్ను చూసి డ్రైవరు కిందికి దూకి, ఏడో కిలోమీటరు ఆ మలుపు కాడనే అయిపోయిందన్నాడు. “మిగతా వంద మీటర్లూ నాయిలే,” అన్నాడు. బిందెల వరస చర్చి చుట్టూ తిరిగింది. పిల్లలు పైపు దగ్గర కారే చోట తలలు పెడుతున్నారు. మా అవ్వ వారం రోజులుగా ఎండలో కాగిన గిన్నెలన్నీ మోయించుకొచ్చింది, ఉగ్గుగిన్నెతో సహా. ఆమె వెనకాల నిలబడి, ఇంక దాచలేక చెప్పాను.

“అవ్వా, ఆ సున్నా పెట్టింది నేనే.”

“ఏ సున్నా?”

అంతా చెప్పాను. మిషను అడగడం, నేను నోరు మూయించడం, మైసూరుపాకు కూడా. అవ్వ బిందె పైపు కింద సర్దుకుంటూ విన్నది. నిండాక పక్కకి జరిపి నా వైపు తిరిగింది.

“దానికి తెలవకపోతే తెలవదని చెప్పిందా?”

“చెప్పింది.”

“నీకు తెలిసి గూడా చెప్పలేదా?”

నేను ఖాళీ బిందె అందుకోబోయాను.

“ఎనక్కి పోయి నిలబడు,” అంది అవ్వ. “అందరియ్యీ అయినాక పట్టుకుందువు.”

పోయి వరస చివర నిలబడ్డాను. ఎండ నెత్తిమీదికొచ్చింది. ముందున్నవాళ్ళకి సంగతి తెలిసి ఒక్కొక్కరూ తిరిగి చూసి, దూరమెంతరా అని అడిగి నవ్వుకుంటున్నారు. అందరికీ జవాబు చెప్పాను, ఏడు పాయింట్ ఒకటి అని. ఆ పాయింట్ ఒకటి మాత్రం ఎవరికీ వదల్లేదు. నా వంతు వచ్చి పైపు కింద బిందె పెడితే, రెండు గుక్కలు పడి, తర్వాత గాలి వచ్చింది. రెండో ట్రిప్పు సాయంత్రం నాలుక్కి. కూర్చుందామని చూస్తే నీడ కూడా ముందొచ్చినవాళ్ళు తీసేసుకున్నారు.